చూడనివాళ్ళు ‘మావాళ్ళు’ ఎలా అవుతారు?

ప్రశ్న: మా అన్నయ్య అర్ధరాత్రి దాకా ఫుట్‌బాల్ చూస్తూ ఫోన్‌లో ఎవరెవరితోనో మాట్లాడుతుంటాడు. వాళ్ళలో ఒక్కరిని కూడా ఎప్పుడూ చూడలేదట. కానీ ‘మావాళ్ళు’ అంటాడు. మొన్న వాళ్ళలో ఒకాయన కూతురికి ఒంట్లో బాగాలేదని తెలిసి అన్నం కూడా సరిగా తినలేదు. చూడనివాళ్ళు ఎలా తెలుస్తారు?
(ఏడో తరగతి విద్యార్థిని)

జవాబు: మంచి ప్రశ్నమ్మా. ఇదే ప్రశ్న పెద్దవాళ్ళు చాలామంది అడుగుతారు గానీ సగం వెటకారంగా అడుగుతారు. అలా అడిగితే ఎవరూ నిజం చెప్పరు. నువ్వు తెలుసుకుందామని అడిగావు కాబట్టి మొదటినుంచీ చెప్పుకుందాం.

ముందుగా, ఒక మనిషి మనకు ‘తెలుసు’ అని ఎప్పుడు అంటాం? తెనాలి నుంచి విజయవాడకు రోజూ రైల్లో ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు ఉంటారు, సీజన్ టికెట్ వాళ్ళు. అదే బండి, అదే పెట్టె, ఇంచుమించు అవే సీట్లు. మొదటి వారం ఎవరూ మాట్లాడుకోరు. తర్వాత ఒకరి పేపరు ఇంకొకరు అడుగుతారు. బండి ఆలస్యమైతే అందరూ కలిసి రైల్వేని తిట్టుకుంటారు. ఇంకొన్నాళ్ళకు ఒకాయన సెలవు పెట్టి మర్నాడు వస్తే ఎదుటి సీటాయన “నిన్న రాలేదేమండీ?” అంటాడు. గమనించావా, ఆ క్షణానికి వాళ్ళిద్దరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళైపోయారు. ఇంటిపేర్లు తెలియవు, ఇళ్ళు తెలియవు. స్నేహం చేద్దామని ఎవరూ అనుకోలేదు. ఒకే వేళకు, మళ్ళీ మళ్ళీ, ఒకే విషయం మీద మాట్లాడుకునే వీలు కుదిరింది, అంతే.

మీ అన్నయ్యకు ఆ వీలు ఫుట్‌బాల్ ఇచ్చింది. ఎలాగో చూద్దాం.

ఇంగ్లండ్‌లోని ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు ఆడతాయి. ఒక్కో జట్టు మిగతా 19 జట్లతో రెండేసిసార్లు తలపడుతుంది, ఒకసారి సొంత మైదానంలో, ఒకసారి అవతలివాళ్ళ మైదానంలో. అంటే ఏడాదికి 38 మ్యాచ్‌లు. ఆగస్టులో మొదలై మే నెల దాకా సాగుతాయి. అక్కడ శనివారం మధ్యాహ్నం 3 గంటలకు మొదలయ్యే ఆట మనకు చలికాలంలో రాత్రి 8:30కి పడుతుంది. ఐరోపా దేశాల మేటి జట్లన్నీ ఆడే ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లైతే చలికాలంలో చాలావరకు మనకు రాత్రి ఒకటిన్నరకు మొదలవుతాయి. రాత్రి ఒకటిన్నరకు ఇల్లంతా నిద్రపోతుంటుంది. టీవీ శబ్దం తగ్గించి, లైట్లు ఆర్పి, ఒక్కడే కూర్చుని చూడాలి. గోల్ పడుతుంది. అరవాలనిపిస్తుంది. అరిస్తే నాన్నగారు లేస్తారు. గొంతులో ఆగిపోయిన ఆ అరుపే ఫోన్‌లోకి వెళుతుంది.

ఆ అరుపును అటువైపు అందుకునేది ఎవరు? అదే వేళకు మరో ఊళ్ళో, మరో చీకటి గదిలో, అలాగే నోరు మూసుకుని కూర్చున్నవాడు. ఇద్దరికీ ఉన్న మొదటి చుట్టరికం అది. సంతోషాన్ని చెప్పుకోవడానికి పక్కన మనిషి లేకపోవడం.

ఇందులో ఆట తీరుకు కూడా పాత్ర ఉంది. క్రికెట్‌లో బంతి బంతికీ ఏదో ఒకటి జరుగుతుంది. పరుగో, వికెట్టో, కనీసం ఒక డాట్ బాలో. ఫుట్‌బాల్ 45 నిమిషాల చొప్పున రెండు భాగాలు. ఆ గంటన్నరలో పడేవి సాధారణంగా రెండో మూడో గోల్స్, ఒక్కోసారి అదీ లేదు. మిగతా సమయమంతా ‘ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది’ అన్న ఆదుర్దా. ఆదుర్దాగా ఉన్నప్పుడు మనిషి మౌనంగా ఉండలేడు. ఫలానా ఆటగాడిని ఎందుకు దింపలేదు, ఆ కోచ్‌కు బుద్ధి ఉందా, ఎడమ వైపు అంత ఖాళీ ఎందుకు వదిలారు అంటూ మాటలు దొర్లుతూనే ఉంటాయి. మ్యాచ్‌కు ముందు పదకొండు మంది పేర్లు బయటికొచ్చేసరికే సగం గొడవ మొదలవుతుంది. ఆట నింపని ఖాళీని మాట నింపుతుంది.

ఇక్కడ ఒక చిన్న తమాషా చెప్పాలి. అందరి తెరల మీదా బొమ్మ ఒకేసారి రాదు. డిష్ యాంటెన్నా ఉన్నవాళ్ళకు కాస్త ముందు, ఇంటర్నెట్‌లో చూసేవాళ్ళకు కొంచెం వెనక. తేడా కొన్ని సెకన్లు ఉండొచ్చు, ఒక్కోసారి అర నిమిషం కూడా. ఇప్పుడు ఒకడు ‘గోల్!’ అని రాసేస్తాడు. ఫోన్‌లో చూస్తున్నవాడి తెర మీద బంతి ఇంకా మైదానం మధ్యలోనే ఉంటుంది. వాడి పండగ పాడైపోయింది! అందుకని ఇలాంటి బృందాల్లో ఎవరూ రాయని కట్టుబాటు ఒకటి పుడుతుంది: ముందు చూసినవాడు కాసేపు ఆగాలి. ఎవరు ఆగుతారు, ఎవరు ఆగలేరు, ఎవరు ఆగమన్నా ఆగరు అన్నది నాలుగు మ్యాచ్‌లకల్లా అందరికీ తెలిసిపోతుంది. ఎవరింట్లో పెద్ద టీవీ ఉందో, ఎవరు హాస్టల్ గదిలో దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని చూస్తున్నారో కూడా తెలిసిపోతుంది. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మనుషులు తెలియడం చాలావరకు ఇలాగే జరుగుతుంది.

కొత్తగా వచ్చినవాడిని మాత్రం రెండు ప్రశ్నలు సూటిగా అడుగుతారు. ఏ జట్టు? ఎప్పటినుంచి? మొదటిదానికి అంత విలువ లేదు. అసలు సంగతి రెండోదానిలో ఉంది. ఒకాయన “ఇస్తాంబుల్ రాత్రి నుంచి” అన్నాడనుకో. 2005 మే 25న తుర్కియేలోని ఇస్తాంబుల్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ జరిగింది. సగం ఆట అయ్యేసరికి ఇంగ్లండ్ జట్టు లివర్‌పూల్ మీద ఇటలీ జట్టు ఏసీ మిలాన్ 3-0తో ముందుంది. రెండో భాగంలో ఆరు నిమిషాల వ్యవధిలో లివర్‌పూల్ మూడు గోల్స్ వేసి సమం చేసి, చివరికి పెనాల్టీ షూటౌట్‌లో (అయిదేసి సూటి తన్నుల పోటీ అనుకో) గెలిచింది. ఆ ఆట మనకు అర్ధరాత్రి దాటాక మొదలై, తెల్లవారుజామున మూడింటి ప్రాంతంలో ముగిసింది.

ఇప్పుడు ఆ ఒక్క మాట నుంచి ఏమేం బయటికొస్తాయో చూడు. ఆయన 2005లో ఆట అర్థమయ్యేంత పెద్దవాడు. వాళ్ళింట్లో అప్పటికే కేబుల్ ఉంది. వేసవి సెలవుల్లో రాత్రంతా టీవీ చూడనిచ్చే ఇల్లు, లేదా కళ్ళుగప్పి చూడగలిగిన ఇల్లు. సగం ఆటకే 3-0 అయినా టీవీ కట్టేసి పడుకోలేదు, అంటే కాస్త మొండి మనిషి. ఇంకెవరో “ఆ రోజు నేను సగంలో పడుకున్నాను, పొద్దున సంగతి తెలిసి ఏడ్చాను” అంటారు. అక్కడినుంచి వాళ్ళ నాన్న, వాళ్ళ ఊరు, ఆ ఏడాది పదో తరగతి మార్కులు, అన్నీ ఒకటొకటిగా వస్తాయి. ‘నీ గురించి చెప్పు’ అంటే ఎవరైనా బిగుసుకుపోతారు. ‘ఆ మ్యాచ్ ఎక్కడ చూశావు?’ అంటే వద్దన్నా జీవితచరిత్ర చెప్పేస్తారు.

మరి ఇన్ని గొడవలు పడతారు కదా, విడిపోరా అని నీకు సందేహం రావచ్చు. విడిపోయేవాళ్ళూ ఉంటారు. కానీ ఈ గొడవల్లో ఎవరి ఆస్తీ పోదు, ఎవరి ఉద్యోగమూ పోదు. ఆఫ్‌సైడ్ (అవతలి జట్టు రక్షకుల కంటే గోల్‌కు దగ్గరగా ముందే చేరిపోయి బంతి అందుకోవడం) అవునా కాదా అని రెండు గంటలు వాదించుకున్నా చివరికి నష్టపోయేది నిద్ర ఒక్కటే. నష్టం లేని గొడవలో మనిషి గుణం మాత్రం బాగా కనిపిస్తుంది. తన జట్టుకు వ్యతిరేకంగా పడిన గోల్‌ను “న్యాయమైనదే” అని ఒప్పుకునేవాడు ఒకడుంటాడు. ఏం జరిగినా రిఫరీదే తప్పనేవాడు ఒకడుంటాడు. ఎవరి మాట నమ్మొచ్చో అలా తేలుతుంది.

ఇప్పుడు నువ్వు పట్టుకున్న మాట దగ్గరికి వద్దాం. ‘మావాళ్ళు’. ఆ ‘మా’ ఎక్కడినుంచి వచ్చింది?

దీన్ని శాస్త్రవేత్తలు కూడా తవ్వి చూశారు. రాబర్ట్ చాల్దీని అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు 1976లో ఒక అధ్యయనం ప్రచురించారు. అది బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్ గురించి, అయినా సంగతి మనకు పనికొస్తుంది. తమ విశ్వవిద్యాలయం జట్టు గెలిచిన తర్వాతి సోమవారం విద్యార్థులు ఆ విశ్వవిద్యాలయం పేరున్న బట్టలు ఎక్కువగా వేసుకొచ్చారు. ఆట గురించి అడిగితే గెలుపును ‘మేం గెలిచాం’ అన్నంత తరచుగా ఓటమిని ‘మేం ఓడాం’ అనలేదు. మన ఇళ్ళలో కూడా అంతేగా, భారత్ గెలిస్తే ‘గెలిచాం’, ఓడితే ‘ఓడిపోయారు’! నన్నడిగితే అభిమానుల పరిచయాలు గట్టిపడేది అక్కడే. గెలిచిన రాత్రి వెయ్యిమంది కనిపిస్తారు. ఓడిన రాత్రి కూడా కదలకుండా, ‘ఓడిపోయాం’ అని రాసి అక్కడే కూర్చునేవాళ్ళు పాతికమందే ఉంటారు. మీ అన్నయ్య ‘మావాళ్ళు’ అంటున్నది ఆ పాతికమందినే అయి ఉంటుంది.

ఇంకో ప్రయోగం ఉంది, నాకు మరీ ఇష్టమైనది. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో మార్క్ లెవీన్ బృందం చేసింది, 2005లో ప్రచురించారు. మాంచెస్టర్ యునైటెడ్ జట్టును అభిమానించే విద్యార్థులను ఒక్కొక్కరిగా పిలిచారు. ఆ జట్టంటే ఎందుకిష్టమో, ఎంత ఇష్టమో ఒక ప్రశ్నపత్రంలో రాయించారు. తర్వాత ‘పక్క భవనంలోకి వెళ్ళు, అక్కడ ఇంకో పని ఉంది’ అన్నారు. దారిలో ఒకడు పరిగెత్తుకుంటూ వచ్చి, జారిపడి, చీలమండ పట్టుకుని మూలుగుతాడు. నిజానికి వాడు నటిస్తున్నాడు. చాటున ఉన్నవాళ్ళు ఏం జరుగుతుందో రాసుకుంటున్నారు. పడినవాడు ఒక్కోసారి మాంచెస్టర్ యునైటెడ్ చొక్కా వేసుకున్నాడు, ఒక్కోసారి ఆ జట్టుకు బద్ధ ప్రత్యర్థి అయిన లివర్‌పూల్ చొక్కా, ఒక్కోసారి ఏ జట్టుదీ కాని మామూలు చొక్కా.

ఏమైందంటావు? యునైటెడ్ చొక్కా వాడి దగ్గర దాదాపు అందరూ ఆగి సాయం చేశారు. లివర్‌పూల్ చొక్కా వాడిని, మామూలు చొక్కా వాడిని చూసి మూడింట రెండొంతుల మంది దాటిపోయారు. ఇంతవరకు విని ‘ఛీ, ఏం మనుషులు’ అనుకోకు. ఇంకొంత ఉంది. మరో విడత విద్యార్థులను పిలిచి, ఈసారి యునైటెడ్ గురించి కాకుండా, అసలు ఫుట్‌బాల్ అభిమానిగా ఉండటం గురించి రాయించారు. అందులో ఏం బాగుంటుంది, మిగతా అభిమానులతో ఏం పంచుకుంటావు, ఇలాంటివి. వీళ్ళూ యునైటెడ్ వాళ్ళే. దారిలో అదే నాటకం. ఈసారి లివర్‌పూల్ చొక్కా వాడి దగ్గరా చాలామంది ఆగారు! మామూలు చొక్కా వాడికి మాత్రం ఈసారీ పెద్దగా సాయం అందలేదు.

మనుషులు మారలేదు, దెబ్బా మారలేదు. కొద్ది నిమిషాల ముందు వాళ్ళు దేని గురించి ఆలోచించారన్నదే మారింది. మొదటి కాగితం వాళ్ళ మనసులో చిన్న గిరి గీసింది, రెండోది పెద్ద గిరి గీసింది. ‘మా’ అనే మాటకు సరిహద్దు పుట్టుకతో రాదు, గీస్తే వస్తుంది. ఏళ్ళ తరబడి రోజూ ఒకచోట చేరి మాట్లాడుకునేవాళ్ళు ఆ గిరిని రోజూ కొంచెం కొంచెం గీసుకుంటూనే ఉంటారు.

ఇక ఆ పాప సంగతి. బహుశా ఇలా జరిగి ఉంటుంది. ప్రతి మ్యాచ్‌కూ ముందు స్కోరు జోస్యం చెప్పే మనిషి ఒక శనివారం చెప్పలేదు. ఎవరో “ఈయనేడీ?” అని అడిగారు. రెండు రోజుల తర్వాత “పాపతో ఆసుపత్రిలో ఉన్నాను” అని ఒక వాక్యం వచ్చింది. ఆయన ముఖం ఎలా ఉంటుందో మీ అన్నయ్యకు తెలియదు, కానీ ఆయన ఎప్పుడు మౌనంగా ఉంటాడో, ఎప్పుడు ఉండడో తెలుసు. అంత తెలిసిన మనిషి కూతురికి జబ్బు చేస్తే అన్నం సహించకపోవడంలో వింత లేదు.

అలాగని అక్కడ అందరూ మంచివాళ్ళేనని నేను చెప్పను. 2021 జులై 11న యూరో కప్ ఫైనల్ షూటౌట్‌లో ఇంగ్లండ్ ఆటగాళ్ళు రాష్‌ఫర్డ్, సాంచో, సాకా పెనాల్టీలు గోల్ చేయలేకపోయారు. ముగ్గురూ నల్లజాతి యువకులు. ఆ రాత్రి ఇంటర్నెట్‌లో వాళ్ళ మీద కురిసిన జాతి తిట్లు చెప్పడానికి నోరు రాదు. ముఖం కనపడకపోవడం కొందరికి బిడియం పోగొడుతుంది, కొందరికి సిగ్గు పోగొడుతుంది. అందుకే మంచి బృందాల్లో నియమాలు, వాటిని అమలు చేసే పెద్దలు ఉంటారు. నీ వయసు పిల్లలు ఇంటి చిరునామా, బడి పేరు, ఫొటోలు అక్కడ ఎవరికీ చెప్పకూడదు, ఇవ్వకూడదు. ఎవరైనా విడిగా కలుద్దామంటే ఇంట్లో చెప్పాలి.

మరి ఇరుగుపొరుగు ఉండగా అంత దూరంవాళ్ళతో ఎందుకు? లివర్‌పూల్ ఊళ్ళో ఉండే లివర్‌పూల్ అభిమానికి ఆ అవసరం తక్కువ, పక్కింటివాళ్ళే తోటి అభిమానులు. కానీ అమెరికా సంగతి చూడు. ఫిలడెల్ఫియా నగరంలో బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, అమెరికా ఫుట్‌బాల్, ఐస్ హాకీ, నాలుగింటికీ పేరుమోసిన జట్లున్నాయి. మనం ఫుట్‌బాల్ అనే ఆటను వాళ్ళు సాకర్ అంటారు. ఆ ఆటకు పెద్ద లీగ్ మొదలై పదేళ్ళు దాటినా ఫిలడెల్ఫియాకు అందులో జట్టు లేదు. ఒక వీధిలో ఒక సాకర్ పిచ్చివాడు, నాలుగు వీధులవతల ఇంకొకడు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇంటర్నెట్‌లో సాకర్ గురించి మాట్లాడుకునే చోట ఇలాంటివాళ్ళు ఒకరికొకరు తగిలారు. 2007లో ‘సన్స్ ఆఫ్ బెన్’ అనే అభిమానుల సంఘం పెట్టారు. బెన్ అంటే ఆ నగరపు పెద్దమనిషి బెంజమిన్ ఫ్రాంక్లిన్. జట్టు లేదు, అభిమానుల సంఘం ఉంది! వీళ్ళు పొరుగున ఉన్న న్యూయార్క్ జట్టు మ్యాచ్‌కు వెళ్ళి, ‘మీరెన్ని కప్పులు గెలిచారో మేమూ అన్నే గెలిచాం, మాకైతే జట్టే లేదు’ అన్న అర్థం వచ్చే పాట పాడి ఏడిపించేవాళ్ళు. న్యూయార్క్ అప్పటికి లీగ్ కప్పు ఒక్కటీ గెలవలేదు మరి. 2008లో ఫిలడెల్ఫియాకు జట్టు మంజూరైంది. 2010 ఏప్రిల్ 10న సొంత ఊళ్ళో మొదటి మ్యాచ్ ఆడి 3-2తో గెలిచింది. తెర మీద పేర్లుగా మొదలైనవాళ్ళు ఆ రోజు స్టేడియంలో పక్కపక్కన నిలబడ్డారు.

మన దగ్గరా ఇలాంటి ఉదంతం ఉంది, కాస్త చేదుది. ఒకప్పుడు భారత ఫుట్‌బాల్‌కు కోచ్‌ను, ఎందరో ఆటగాళ్ళను ఇచ్చిన నగరం హైదరాబాద్; 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన జట్టుకు కోచ్ ఎస్.ఎ. రహీం ఈ ఊరివాడే. చాలా ఏళ్ళ తర్వాత, 2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. ‘దక్కన్ లీజియన్’ పేరుతో అభిమానుల బృందం ఏర్పడింది. గచ్చిబౌలి స్టేడియంలో ఒక్క సీజన్ గడిచిందో లేదో కరోనా వచ్చింది. తర్వాతి రెండు సీజన్లూ మ్యాచ్‌లన్నీ గోవాలోనే, ప్రేక్షకులు లేకుండా. అప్పుడే పుట్టిన అభిమానులకు తమ జట్టూ తెర మీదే, తమవాళ్ళూ తెర మీదే. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో జరిగిన ఫైనల్‌కు మాత్రం ప్రేక్షకులను రానిచ్చారు. స్టేడియం కేరళ బ్లాస్టర్స్ అభిమానుల పసుపుతో నిండిపోయింది. 1-1తో సమమైన ఆ ఆటను హైదరాబాద్ షూటౌట్‌లో 3-1తో గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కానీ 2025లో ఆ జట్టు హైదరాబాద్ వదిలి ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారింది.

జట్టే పోతే ‘మావాళ్ళు’ ఏమవుతారు? దీనికి లండన్‌లోని వింబుల్డన్‌వాళ్ళు జవాబిచ్చారు. 2002లో వాళ్ళ జట్టును సుమారు 90 కిలోమీటర్ల అవతల ఉన్న మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి అనుమతి వచ్చింది. అభిమానులు వెంట వెళ్ళలేదు. కొన్ని వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని కొత్త జట్టు పెట్టుకుని, ఊరి మైదానంలో ‘ఆడగలిగినవాళ్ళు ఎవరైనా రావచ్చు’ అని ఎంపికలు జరిపారు. రెండు వందల మందికి పైగా వచ్చారు. అడుగున ఉన్న లీగ్‌లో మొదలైన ఆ జట్టు 2011లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లోకి చేరింది. ఇప్పటికీ దాని యజమానులు అభిమానులే. 2020లో తమ పాత మైదానానికి కూతవేటు దూరంలో సొంత స్టేడియం కట్టుకున్నారు. ఆ నవంబర్ 3న అందులో మొదటి మ్యాచ్, డాంకాస్టర్‌తో. కరోనా నిబంధనల వల్ల ప్రేక్షకులను లోపలికి రానివ్వలేదు. పద్దెనిమిదేళ్ళు ఎదురుచూసినవాళ్ళంతా ఇళ్ళలో తెరల ముందు కూర్చునే చూశారు. ఆట 2-2తో డ్రా అయింది.